కంపెనీ అనే మాట, మా అమ్మ రొట్టె

ఈ సంగతి రాసి పెట్టకపోతే ఒక ఫొటో కింద అచ్చయిన అబద్ధమే మా నాయన చరిత్రగా మిగిలిపోతుంది. అందుకే రాస్తున్నాను. మా తమ్ముడి కొడుకు ప్రవీణ్ మొన్న డ్యూటీ దిగి సంగారెడ్డిలో మా ఇంటికి వచ్చి, నున్నటి కాగితాల మీద రంగుల్లో అచ్చేసిన పుస్తకం ఒకటి నా ఒళ్లో పెట్టాడు. పటాన్‌చెరులో వాడు పనిచేసే మందుల కంపెనీ తన గొప్పలు తానే చెప్పుకుంటూ వేసుకున్న పుస్తకం అది. ఒకప్పుడు మా నాయన పనిచేసిందీ ఆ కంపెనీలోనే. నడిమి పేజీలో ఒక పాత ఫొటో. నేల మీద వరసగా కూర్చుని అన్నం తింటున్న మనుషులు. వాళ్లలో మా నాయన నర్సింలు, పక్కన తెల్ల చొక్కాలో అప్పటి జనరల్ మేనేజరు. నాయన చెయ్యి ఆ మేనేజరు పళ్లెంలో ఒక రొట్టె పెడుతోంది. కింద ఇలా రాసి ఉంది: "మాది కంపెనీ కాదు, ఒకే కుటుంబం. తొలినాళ్ల నుంచీ అందరిదీ ఒకటే పంక్తి."

"సూసినవా అత్తమ్మా, తాత!" అన్నాడు ప్రవీణ్, లాటరీ తగిలినవాడిలా. "మా హెచ్చార్ మేడం ఫుల్ ఖుష్ అయింది. తాత గురించి నాలుగు ముక్కలు రాసియ్యి, మా వెబ్‌సైట్ల పెడతరంట. నువ్వు లైబ్రరీల అన్ని పుస్తకాలు సదివినవ్ కద. జెర పాజిటివ్‌గ రాయి."

"పాజిటివ్‌గ అంటే ఏందిరా?"

"అంటే... ఏడ్సుకుంట గాకుండ."

"ఏడ్వ తియ్యి," అన్నాను. ఏడ్వలేదు కూడా. ఆ పుస్తకం మీద నాకు ఏడుపు రాలేదు, రోత పుట్టింది.

'కంపెనీ' అన్న మాట మా పటాన్‌చెరు ఫ్యాక్టరీల బెల్టులో మనిషి పుట్టగానే చెవిన పడుతుంది. ఏ ఊరు అంటే పేరు చెబుతారు, ఎక్కడ పని అంటే మాత్రం "కంపెనీల" అనేస్తారు. ఏ కంపెనీ అని అడిగేవాడు అమాయకుడి కింద లెక్క. పటాన్‌చెరు బజారులో ఫ్యాను కొనబోతే సేటు రెండు ముందర పెట్టి, "ఇది లోకల్, ఇది కంపెనీ మాల్" అంటాడు. సాయంత్రం కల్లు కాంపౌండు ముందర ఒకడు ఇంకొకడి భుజం మీద చెయ్యేసి "జెర కంపెనీ ఇయ్యి రాదే" అని లాక్కుపోతాడు. వాడి పెళ్లాం మరునాడు నల్లా దగ్గర "మా ఆయన మంచోడే, కంపెనీయే మంచిది కాదు" అంటుంది. ఆమె అంటున్నది తాగుబోతు దోస్తుల గురించి. మా బడిలో చరిత్ర సారు చెప్పిన కంపెనీ ఓడల్లో వచ్చి దేశాన్నే మింగింది. పట్టాళంలో చేరిన మా మేనమామ చెప్పిన కంపెనీలో తుపాకులు పట్టుకున్న మనుషులు ఉంటారు. ఒక్క మాట ఇన్ని వేషాలు ఎందుకు వేస్తుందో, దాని అసలు పుట్టుక ఏమిటో కనుక్కోవాలని మా వాళ్లలో ఎవరికీ తోచలేదు. తెల్ల చొక్కాల వాళ్లకూ తోచలేదు. వాళ్లకు తోచకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదు. జీతం వస్తున్నంత కాలం వాళ్లకు మాటలతో పనిలేదు.

నాయన ఆ కంపెనీలో చేసినప్పుడు మేం ఇస్నాపూర్‌లో ఉండేవాళ్లం. రేకుల కప్పు కింద వరసగా కట్టిన కిరాయి గదుల్లో మాది చివరిది. ఇవాళ ప్రవీణ్‌లాంటి వాళ్లు ఆ రోడ్డు మీద కారులో పోతూ అద్దాలు ఎక్కించుకుంటారు. మాకు ఎక్కించుకోవడానికి అద్దాలు లేవు, ఒక చెక్క కిటికీ ఉండేది. పడమటి గాలి తిరిగితే కుళ్లిన కోడిగుడ్ల వాసనా, గోళ్లరంగు వాసనా కలిసినట్టు ఏదో వచ్చి గొంతులో కూర్చునేది. అమ్మ ఆ కిటికీ మూసి, పొయ్యిలో కంది కట్టె వేసి, పొగ నిండా రానిచ్చేది. "కంపెనీ వాసన కన్న పొయ్యి వాసన నయం" అనేది. పొద్దున మేం లేచేది ఆమె రొట్టె కొట్టే చప్పుడుకే. జొన్నపిండిలో ఉడుకు నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా ఆపకుండా పిసికి, ముద్ద చేసి, పీట మీద అరచేత్తో తట్టేది. టప్ టప్ టప్ మని అది చందమామలా పరుచుకుంటుంటే అంచులు పగలకుండా ఎడమ చేత్తో కాపు కాసేది. పెనం మీద వేసి పైన నీళ్లు రాసి, తిరగేసి, నిప్పుల మీద నిలబెట్టేది. రొట్టె పొంగినప్పుడు ఆమె ముఖంలో వచ్చే తృప్తి నేను తర్వాత ఏ పెద్ద మనిషి ముఖంలోనూ చూడలేదు.

విచిత్రం ఏమిటంటే, ఆ రొట్టెలను మా నాయన తినేవాడు కాదు. కంపెనీలో నాయన కాంట్రాక్టు మనిషి. పర్మినెంటు వాళ్లకు లోపల క్యాంటీను ఉండేది. కాంట్రాక్టు వాళ్లు వెనక గోడ నీడలో కూర్చుని తెచ్చుకున్నది తినాలి. అక్కడ నాయనదొక గ్యాంగు. ఫిట్టరు ఖాజా మామ, బీహారు నుంచి వచ్చిన రామేశర్ భాయ్, డ్రమ్ములు కడిగే పెంటమ్మ, నాయన. వాళ్ల కట్టుబాటు ఒకటి ఉండేది. నలుగురి రొట్టెలూ ఒక తెల్ల గుడ్డలో కుప్పగా పోసి కలపాలి. తర్వాత చేతికి వచ్చింది తీసుకోవాలి. కాని తన ఇంటి రొట్టె చేతికి వస్తే మళ్లీ గుడ్డలో వేసి ఇంకొకటి తీయాలి. తన రొట్టె తాను తిన్నవాడు గ్యాంగులో లేనట్టే. కొత్తగా ఎవరైనా వచ్చి ఆ వరసలో కూర్చుంటే, అడగకుండానే అతని డబ్బా తెరిచి రొట్టె తీసి గుడ్డలో వేసి, గుడ్డలోంచి ఒకటి అతని ముందు పెట్టేవారు. కూర్చున్నావంటే చేరినట్టే, వేరే మాట లేదు. రంజాన్ నెలలో ఖాజా మామ ఉపవాసం ఉండి కూడా రొట్టెలు తెచ్చి గుడ్డలో వేసి, పక్కన కూర్చుని ముచ్చట పెట్టేవాడు. మేం వదిలి వచ్చిన ఊళ్లో మా ఇంట్లో మంచినీళ్లు కూడా తాగని ఇళ్లు ఉండేవి. అలాంటి చోటు నుంచి వచ్చిన మా నాయనకు ఆ తెల్లగుడ్డ అంటే ఏమిటో ఇవాళ 'టీం బిల్డింగ్' అని రిసార్టుకు పోయి తాడు గుంజే వాళ్లకు చెప్పినా ఎక్కదు.

రొట్టె ఎవరో తింటారు కాబట్టి అమ్మ మరింత జాగ్రత్తగా చేసేది. "మీ నాయన తినేదైతే ఎట్లున్నా నడుస్తది. పరాయోళ్లు తినేటియి, మాడొద్దు" అనేది. సాయంత్రం నాయన వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే చెంబు అందిస్తూ రోజూ ఒకటే ప్రశ్న.

"ఇయ్యాల నా రొట్టె ఎవలు తిన్నరు?"

"పెంటక్క తిన్నది. ఉప్పు జెర తక్కువైందన్నది."

"ఆమె నాలికెకు సముద్రం పోసినా తక్కువే."

ఇంకో రోజు "రామేశర్ తిన్నడు. దేశం పోయేటప్పుడు పెండ్లానికి నేర్పిస్తడంట" అనేవాడు. అమ్మ నవ్వు దాచుకునేది. ఆ ముగ్గురిలో ఎవరినీ ఆమె అప్పటికి చూడలేదు, రుచుల్ని బట్టే గుర్తుపట్టేది.

ఆ ఏడు నాయన పేరు పర్మినెంటు జాబితాలోకి ఎక్కిందని సూపర్‌వైజరు చెప్పాడు. పర్మినెంటు అంటే మా ఇంట్లో దేవుడి పేరు పలికినట్టు పలికేవాళ్లు. రోగమొస్తే దవాఖాన, పండగకు బోనసు, వాటికన్నా ముందు నా చదువు. పదో తరగతి పాసై ఇంట్లో కూర్చున్నాను నేను. "ఆర్డరు రానీ బిడ్డా, నిన్ను సంగారెడ్డి కాలేజీల ఏస్త" అన్నాడు నాయన. ఆ మాట పట్టుకుని రోజులు లెక్కపెట్టుకున్నాను. ఖాజా మామ ఒకసారి ఇంటికి వచ్చి ఎగతాళి చేశాడు.

"క్యా నర్సింలు, ఇగ లోపల కూసొని పూరీలు తింటవ్. మేం యాదికొస్తమా?"

"పూరీలు గిట్ల డబ్బల పెట్టుకొని గోడకాడికే వస్త మామా. ఏడికి పోత?"

"అరే పూరీ జొన్నరొట్టెతోని కలుస్తదా? గుడ్డ అంత నూనె అయితది!"

అప్పుడే విదేశాల నుంచి మందులు కొనేవాళ్లు కంపెనీని చూడటానికి వస్తున్నారన్నారు. వారం రోజులు గోడలకు సున్నాలు, చెట్ల మొదళ్లకు ఎర్రటి గేరు రంగు. వాసన తెలియకుండా అత్తరు లాంటిది ఏదో కొట్టించారట. వచ్చేవాళ్లకు కంపెనీలో ఎక్కువ తక్కువలు లేవని చూపించాలని ఎవరికో బుద్ధి పుట్టింది. ఆ రోజు ఒక్క పూటకు ఆఫీసర్లూ పనివాళ్లూ ఒకే వరసలో నేల మీద కూర్చుని తినాలి. పనివాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్నది తినాలి, ఆఫీసర్లకు క్యాంటీను చపాతీలు. ఫొటో తీసేవాడిని కూడా పిలిచారు. కొత్త పెండ్లికొడుకుని కూర్చోబెట్టినట్టు జనరల్ మేనేజరును ఆ వరస మధ్యలో, పర్మినెంటు కాబోతున్న మా నాయన పక్కన కూర్చోబెట్టారు. అమ్మ ఆ పొద్దున రొట్టెల మీద ఒక పక్క నువ్వులు అద్దింది. "పెద్ద పెద్దోళ్లు వస్తుర్రంట, కంటికి ఆనాలె గద" అంది.

మా నాయన చేసింది ఆ గోడ నీడలో తిన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు. మేనేజరు వరసలో కూర్చున్నాడు. కూర్చున్నాడంటే చేరినట్టే. తెల్లగుడ్డ పరిచి ఉంది. నాయన ఏ మాత్రం సంకోచం లేకుండా "సార్, మీది గిట్ల ఇయ్యుండ్రి" అని మేనేజరు పళ్లెంలోని చపాతీ తీసి గుడ్డలో వేసి, గుడ్డలోంచి చేతికి వచ్చిన జొన్నరొట్టె తీసి ఆయన పళ్లెంలో పెట్టాడు. ఫొటో వాడు సరిగ్గా అప్పుడే నొక్కాడు. వచ్చిన దొరలు సంబరపడి చప్పట్లు కొట్టారట. మేనేజరు కూడా నవ్వాడు. ఫొటోలో ఆ నవ్వు ఇప్పటికీ ఉంది, పంటి నొప్పి ఉన్నవాడు పెళ్లిలో నవ్వినట్టు.

ఆ సాయంత్రం అమ్మ చెంబు పట్టుకుని నిలబడింది.

"ఇయ్యాల నా రొట్టె ఎవలు తిన్నరు?"

నాయన చాలాసేపు కాళ్లు రుద్దుకున్నాడు. "పెద్ద సారు తిన్నడు," అన్నాడు.

"నువ్వులదా?"

"నువ్వులదే. మంచిగున్నదన్నడు."

అమ్మ ఆ రాత్రికే గదుల వరసంతా తిరిగి చెప్పి వచ్చింది.

వారం తిరగక ముందే సూపర్‌వైజరు నాయనను పక్కకు పిలిచాడు. "నీ పేరు తీసేసిర్రు నర్సింలు. పై నుంచి మాట వచ్చింది. హైజీన్ లేదంట నీకు. సారు కంచంల చెయ్యి పెట్టుడేందయ్యా, పాగల్‌గానివా?" అన్నాడు. మందులు తయారుచేసే చోట శుభ్రత ముఖ్యమని కూడా చెప్పాడట. అదే చోట ఏళ్ల తరబడి చేతులకు తొడుగులు లేకుండా ఘాటు వాసనల డ్రమ్ములు మోసినప్పుడు ఎవరికీ గుర్తుకు రాని శుభ్రత, ఒక రొట్టె దగ్గర గుర్తుకు వచ్చింది. ఫొటో తీసిన మరునాటి నుంచే వరసా లేదు, పంక్తీ లేదు. ఆఫీసర్లు లోపలికి, కాంట్రాక్టు వాళ్లు గోడ దగ్గరికి. కొన్నాళ్లకు కాంట్రాక్టరు మారాడు, కొత్తవాడు నాయనను వద్దన్నాడు. నాయన లారీల మీద మూటలు ఎత్తే పనికి పోయాడు. నా కాలేజీ సంగతి ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కాలేజీ లేకపోతే లైబ్రరీ ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. బస్సెక్కి సంగారెడ్డి పోయి, లైబ్రరీలో మగవాళ్ల పేపరు బల్లలు దాటుకుని, బీరువాల వెనక ఒక స్టూలు మీద కూర్చునేదాన్ని. లైబ్రేరియన్ సత్తయ్య సారు మొదటి రోజు కళ్లజోడు పైనుంచి చూసి "ఏం గావాలె బిడ్డా?" అన్నాడు. "కంపెనీ అనే మాట యాడ పుట్టిందో కావాలె సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. ఇటుకంత లావు ఇంగ్లీష్ నిఘంటువు తెచ్చి నా ముందర పెట్టి, దుమ్ము తన కండువాతోనే తుడిచాడు. పక్కన ఇంగ్లీష్ తెలుగు నిఘంటువు పెట్టుకుని, దీనిలోంచి దానిలోకి, దానిలోంచి దీనిలోకి దాటుకుంటూ పూటంతా చదివాను. వ్యాపారం చేసే సంఘం, సైన్యంలో ఒక దళం, తోడు ఉండటం, ఇంటికి వచ్చిన అతిథులు. మా బెల్టులో నేను విన్న అర్థాలన్నీ దాదాపు అక్కడ బారులు తీరి ఉన్నాయి. వాటి అడుగున చిన్న అక్షరాల్లో పుట్టుక ఉంది. లాటిన్ అనే పాత భాషలో 'కం' అంటే కలిసి, 'పానిస్' అంటే రొట్టె. రొట్టె కలిసి తినేవాళ్లు. ఫ్రెంచి వాళ్ల నోట నలిగి ఇంగ్లీషులోకి వచ్చేసరికి కంపెనీ అయింది. అదే రొట్టె పోర్చుగీసు వాళ్ల ఓడల్లో ఇంకో దారిన వచ్చి మన బండ్ల మీద 'పావ్' అయింది. ఇస్నాపూర్ చౌరస్తాలో పావ్ అమ్మేవాడూ, వాడిని తరిమే కంపెనీ గేటు వాచ్‌మనూ ఒకే రొట్టె పేరు మోస్తున్నారన్న మాట.

ఆ రోజు బస్సులో కూర్చుంటే నాకు దుఃఖం కన్నా ఎక్కువగా అసహ్యం వేసింది. తమ బోర్డు మీద ఇంత పెద్ద అక్షరాలతో రాసుకున్న మాటకు అసలు అర్థమైన పనిని ఆ పూట వరసలో ఒక్క మా నాయనే చేశాడు, దానికే ఆయన పేరు కొట్టేశారు. సూటు వేసుకున్న వాళ్లందరూ ఆ ఇంగ్లీషులోనే చదువుకున్నారు, ఆ ఇంగ్లీషులోనే 'హైజీన్' అన్నారు. ఒక్కడూ ఆ నిఘంటువు తెరవలేదు. ఇంటికి పోయి నాయనకు చెప్పాను. మూటలు మోసి వచ్చి మంచం మీద వాలి ఉన్నాడు. లేచి కూర్చున్నాడు.

"రొట్టె కలిసి తినేటోళ్లా? నిజంగ?"

"బుక్కుల రాసుంది నాయినా."

అన్ని నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు. "అయితే కంపెనీ గోడకాడ ఉండె బిడ్డా. లోపలున్నది వేరే ఏందో."

అమ్మ తర్వాత కిరాయి గదుల వాళ్లకు జొన్నరొట్టెలు చేసి అమ్మింది. "కంపెనీ పెద్ద సారు మెచ్చిన రొట్టె" అని కొత్తవాళ్లందరికీ చెప్పుకునేది. నాయన పక్కనే ఉండి ఏమీ అనేవాడు కాదు. ఆయన పోయాక కూడా ఆమె చెబుతూనే ఉంది. ఆమె కూడా పోయినప్పుడు, దినాల నాడు, ఖాజా మామ కర్ర ఊతతో వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"భాభీకి చెప్పలే మేం. చెప్పొద్దని నర్సింలు కసం తీసుకున్నడు మా దగ్గర," అన్నాడు. "గా సారు తినలే బేటీ. దొరలు చేతులు కడుగుడుకు అటు మళ్లంగనే రొండు వేళ్లతోని పళ్లెం పక్కకు నూకిండు. క్యాంటీనోడు తీస్కపోయి చెత్తల పారేసిండు. ఆమె పోయింది కాబట్టి చెప్తున్న."

ఇన్నేళ్లూ ఆ రొట్టె నేను చెవులతో విన్నదే. మొన్న ప్రవీణ్ తెచ్చిన పుస్తకంలో ఆ ఫొటో అంత పెద్దగా, అంత స్పష్టంగా మొదటిసారి చూశాను. కళ్లజోడు సరిచేసుకుని దగ్గరగా పట్టుకుంటే, నాయన చేతిలోని రొట్టెకు ఒక పక్క నువ్వులు కనిపించాయి. మా అమ్మ రొట్టె. ఆమె జీవితమంతా చేసిన రొట్టెల్లో, నాకు తెలిసి, ఎవరూ తినకుండా పోయింది అదొక్కటే. దాన్నే అచ్చు వేసి కుటుంబం అని పేరు పెట్టుకున్నారు.

ప్రవీణ్‌కు ఇదంతా చెప్పాను. వాడు మెడలో వేలాడుతున్న ఐడీ కార్డు నీలం తాడును వేలికి చుట్టుకుంటూ విన్నాడు. వాళ్ల కంపెనీలో పర్మినెంటు వాళ్లకు నీలం తాడు, కాంట్రాక్టు వాళ్లకు పసుపు తాడు.

"పసుపు తాడోళ్లతోని కూసొని తింటవారా నువ్వు?" అని అడిగాను.

"వాళ్ల టైమింగ్సే వేరు అత్తమ్మా. అయినా నేను ఫోన్‌ల ఆర్డర్ పెట్టుకొని సీట్లనే తింట."

"ఒక్కనివే?"

"ఒక్కన్నే."

వెలిమెల వైపు వాడు కొనుక్కున్న ఫ్లాటులో పక్కింటివాడి పేరు వాడికి తెలియదు. వాళ్ల ఆఫీసు గోడల మీద మాత్రం 'మనం ఒక కుటుంబం' అని రాసి ఉంటుందట. రొట్టె పోయింది, కలిసి తినడం పోయింది, బోర్డు మిగిలింది. మా నాయన కాలపు కంపెనీ కనీసం వేషం వేయడానికి ఒక పూట నేల మీద కూర్చుంది. ఇప్పటి వాళ్లకు ఆ శ్రమ కూడా అక్కరలేదు, గోడ మీద రాస్తే సరిపోతుంది. ప్రవీణ్ ఆ రోజు పోతూ "ఇది వెబ్‌సైట్ల పెట్టరు అత్తమ్మా" అన్నాడు. పెట్టొద్దనే రాశాను.

రాయడానికి తోడు నిలిచిన వాళ్లకు దండం పెట్టడం మర్యాద. నిఘంటువు మీద దుమ్ము తన కండువాతో తుడిచి ఇచ్చిన సత్తయ్య సారుకు. మా అమ్మ చెవిన వేయని నిజాన్ని అన్నేళ్లు మోసిన ఖాజా మామకు. జొన్నరొట్టె చేయడం బీహారులో పెండ్లానికి నేర్పుతానన్న రామేశర్ భాయ్‌కి. రోజూ ఉప్పు తక్కువని వంక పెట్టి, రోజూ ఆఖరి ముక్క దాకా తిన్న పెంటమ్మకు. ఫొటో అచ్చేసిన కంపెనీకి పెట్టను, వాళ్లు వేసింది ఏమిటో వాళ్లకు తెలియదు. తన రొట్టె తాను తినని నర్సింలుకు. ఆ రొట్టెలు కొట్టిన మా అమ్మ బాలమణికి.

అమ్మా, నీ రొట్టె ఎవలు తిన్నరని రోజూ అడిగేదానివి. గోడకాడ కూసున్న వీళ్లు తిన్నరు.